ఫోన్ రాలేదని కంగారు పడకండి: ఎన్‌డీఏ ఫస్ట్ టర్మ్ గురించి అపోహలు - వాస్తవాలు

ఏటా జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి నా ఫోన్‌కి తీరిక ఉండదు. త్రివిధ దళాల కాబోయే అధికారులకు శిక్షణ ఇచ్చే, పుణే దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో కొత్త కోర్సులు మొదలయ్యే రోజులవి. నేను అక్కడ మూడేళ్లు క్యాడెట్‌గా ఉన్నాను, చాలా ఏళ్ల తర్వాత డివిజనల్ ఆఫీసర్‌గా, అంటే కొంతమంది క్యాడెట్ల బాగోగులు చూసే అధికారిగా, వెళ్లాను. రిటైరై ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. విజయనగరం నుంచో, కరీంనగర్ నుంచో ఎవరో నంబరిచ్చారంటూ ఓ తల్లి ఫోన్ చేస్తుంది: "సార్, మావాడి దగ్గర్నుంచి వారమైంది ఫోన్ లేదు. తింటున్నాడో లేదో." అందరికీ చెప్పే మాటలే ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: ఫోన్ రాలేదంటే ఏదో అయింది.

చాలాసార్లు టైమ్ దొరకలేదని మాత్రమే అర్థం. ఫస్ట్ టర్మర్, అంటే మొదటి ఆరు నెలల్లో ఉన్న క్యాడెట్, తెల్లవారకముందే లేవాలి. మస్టర్ (హాజరు), పీటీ, డ్రిల్, క్లాసులు, సాయంత్రం ఆటలు, ఆ తర్వాత చదువు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి సైకిళ్ల మీద, అదీ వరసలో. వీటి మధ్య బట్టలు మార్చుకోవడానికి దొరికేవి నిమిషాలే. మొబైల్ చేతిలో ఉంటుందనుకోకండి. ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడొచ్చో అకాడమీ చెప్పినట్టే జరుగుతుంది. మా రోజుల్లో ఎస్టీడీ బూత్ దగ్గర క్యూలో నిలబడి, మన వంతు వచ్చేసరికి విజిల్ వినిపిస్తే పరుగెత్తుకెళ్లిపోయేవాళ్లం. ఇంట్లోవాళ్లు మాత్రం వీడు మర్చిపోయాడనుకునేవారు.

నేను డివిజనల్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే ఇంటికి మొదటి ఫోన్ నేనే చేసేవాణ్ని. మామూలు జ్వరానికీ, కాలు బెణికినందుకూ చేసేవాణ్ని కాదు. ఇక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల సంగతి... ఒక్కడికి దగ్గు వస్తే రాత్రికి స్క్వాడ్రన్ (కలిసి ఉండే క్యాడెట్ల బృందం) మొత్తాన్నీ ఆస్పత్రిలో పడుకోబెడతారు. ఆ గ్రూపుని మ్యూట్‌లో పెడితే సగం టెన్షన్ పోతుంది.

ఫోన్ వచ్చిన రోజున "తిన్నావా, చిక్కిపోయావా, ఎందుకు చెయ్యలేదు" అని అడిగితే ఉన్న మూడు నిమిషాలూ అయిపోతాయి. "ఉండు, బాబాయికిస్తా" అని ఫోన్ చేతులు మార్చొద్దు. ఇంటి సంగతులు చెప్పండి. చెల్లి పరీక్షలు, పక్కింటి గొడవ, ఏదైనా సరే. వాడికి వినాలని ఉంటుంది, తన గురించి చెప్పాలని అంతగా ఉండదు.

అపోహ: "వచ్చేస్తాను" అని ఏడిస్తే వెంటనే తీసుకొచ్చేయాలి. లేదా గట్టిగా తిట్టాలి.

రెండూ తప్పే. మొదటి వారాల్లో ఆ మాట అనని క్యాడెట్‌ని నేను పెద్దగా చూడలేదు. రమ్మనకండి, వద్దనకండి. "వచ్చే ఫోన్‌లో మాట్లాడుకుందాం" అనండి. తర్వాతి ఫోన్‌లో ఎక్కువమంది ఆ ఊసే ఎత్తరు. కానీ వారాల తరబడి అదే మాట వస్తున్నా, దెబ్బ దాస్తున్నాడనిపించినా, ఎవరో కొట్టారన్నా "ఓర్చుకో నాన్నా" అని వదిలేయొద్దు. తేదీతో సహా రాసిపెట్టుకుని డివిజనల్ ఆఫీసర్‌కి చెప్పండి. దానివల్ల పిల్లాడికి చెడ్డపేరు వస్తుందని చాలామంది భయపడతారు. నాకు అలా వచ్చిన ఫోన్లలో ఒక్కటీ నేను పిల్లాడి తప్పుగా రాసుకోలేదు. ఆలస్యంగా వచ్చినవాటికే బాధపడ్డాను.

ఇంట్లో ఎవరైనా పోతే, ఆ కబురు కూడా ముందు డివిజనల్ ఆఫీసర్‌కే చెప్పండి. క్యాడెట్‌ని కూర్చోబెట్టి చెప్పడం, సెలవు చూడడం ఆయన చూసుకుంటారు. తాతగారు పోయి ఇరవై రోజులైనా దాచిపెట్టిన ఇంటిని చూశాను. ఆ కుర్రాడు సెలవుల్లో ఇంటికొచ్చి గోడ మీద దండేసిన ఫొటో చూశాడు.

అపోహ: అంత దూరం నుంచి వెళ్తే గేటు దగ్గరైనా చూడనివ్వరా?

ఒక మంగళవారం గేటు నుంచి నాకు ఫోన్ వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి భార్యాభర్తలు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పుణేలో దిగి, ఆటోలో వార్జే, ఉత్తమ్‌నగర్ మీదుగా నేరుగా వచ్చేశారు. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఒళ్లో ఆవకాయ జాడీ, చుట్టిన పేపర్‌లోంచి నూనె చీరకి అంటుకుంటోంది. పైవాళ్లనడిగి ఇరవై నిమిషాలు ఇప్పించాను.

కుర్రాడు వచ్చి కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు. నాన్న ఏదో అడిగితే "యస్ సర్" అన్నాడు. ఆయన బిత్తరపోయి నా వైపు చూశారు. ఆవిడ పూతరేకు చేతిలో పెట్టింది. సగం తిని, మిగతా సగం చేతిలో ఉండగానే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఇద్దరూ లేపలేదు. టైమైపోయిందని నేనే లేపాల్సి వచ్చింది. ఆ తర్వాత "మీ అమ్మ పచ్చడి తెచ్చిందటగా" అని సీనియర్లు ఆ టర్మంతా వాణ్ని ఆటపట్టిస్తూనే ఉన్నారు.

డ్రిల్ స్క్వేర్ టెస్ట్ అని ఒకటుంటుంది. సెల్యూట్, నడక అన్నీ అందులో చూస్తారు. అది పాసైతేగానీ లిబర్టీ, అంటే సెలవు రోజున మఫ్టీలో బయటికెళ్లే అనుమతి, దొరకదు. అందుకే ముందు టికెట్లు కొని తర్వాత తేదీ చెప్పకండి. తేదీ వాణ్ని చెప్పనివ్వండి, ఆ తర్వాతే రైలు సంగతి. ఆ టెస్ట్ వాడు ఒకసారి తప్పితే రెండోసారి ఇస్తాడు, మీ ప్రయాణం మాత్రం వృథా. గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోండి, లోపల వీడియోలు తీసి స్టేటస్‌లు పెట్టకండి. బయటికి పంపిస్తే గుడికీ, షాపులకీ తిప్పొద్దు. తిండి, నిద్ర, అంతే.

ఆవకాయ ఎందుకన్నది ఆవిణ్ని అప్పుడే అడిగాను. "అక్కడ తిండి సరిగా ఉండదటగా" అంది. రెండు వేల మందికి పైగా ఒకేసారి కూర్చుని తినే మెస్ అది, తిండికి లోటు లేదు. తినడానికి టైమే తక్కువ.

అపోహ: వాట్సాప్ రోజుల్లో ఉత్తరాలేమిటి?

నవ్వుకోండి, కానీ ఫస్ట్ టర్మ్‌లో ఉత్తరానికి మించింది లేదు. ఫోన్ వాడికి వీలైనప్పుడే, ఉత్తరం ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఒకసారి క్యాబిన్లు తనిఖీ చేస్తుంటే డ్రాయర్ అడుగున పరిచిన కాగితం కింద ఒక ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. "గేదె ఈనింది, పెయ్యదూడ. నువ్వొచ్చేదాకా పేరు పెట్టం." అంతకుమించి విశేషాల్లేవు. ఎక్కడిదక్కడే పెట్టేశాను.

అడ్రస్ ఇలా రాయండి: క్యాడెట్ నంబరు, పేరు, స్క్వాడ్రన్, ఎన్‌డీఏ, ఖడక్‌వాస్లా, పుణే 411023. నంబరు, స్క్వాడ్రన్ రాయకపోతే ఉత్తరం తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: జీతం వస్తుందిగా, డబ్బు పంపక్కర్లేదు.

నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ మూడేళ్లయ్యాక, ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) లాంటి అకాడమీకి వెళ్లాక మొదలవుతుంది. ఎన్‌డీఏలో చదువు, తిండి, వసతి ప్రభుత్వానివి. చేతి ఖర్చు ఇంటివాళ్లదే. మామూలుగా నెలకు 3,000 దాటదని యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఇంటి ఆదాయం నెలకు 21,000 లోపుంటే ప్రభుత్వాన్ని నెలకు 1,000 సాయం అడగొచ్చు.

తెలిసిన కల్నల్ గారితో ఒక మాట చెప్పిద్దామని కూడా అడుగుతుంటారు. దయచేసి వద్దు. ఆ మాట ఎలాగో సీనియర్లకు తెలిసిపోతుంది, దాని ఫలితం మీ పిల్లాడే మోస్తాడు.

అమ్మాయిల విషయం వేరనుకునేవాళ్లూ ఉన్నారు. 2022లో 148వ కోర్సుతో 19 మంది అమ్మాయిలు మొదటిసారి చేరారు, 2025 మే 30న 17 మంది పాసయ్యారు. అబ్బాయిలతో కలిసే శిక్షణ. మీ అమ్మాయికి ఫోన్ ఎక్కువసార్లు ఇస్తారని ఆశ పెట్టుకోకండి.

టర్మ్ మే నెలాఖరుకో, నవంబరు నెలాఖరుకో ముగుస్తుంది. ఇంటికొచ్చిన మొదటి రెండు రోజులూ చుట్టాల్ని పిలవకండి. నాన్న గదిలోకి రాగానే లేచి నిలబడతాడు, నవ్వొద్దు. పగలంతా పడుకుంటే పడుకోనివ్వండి. వేసవిలో వస్తే కొత్తావకాయ అప్పటికి ఊరే ఉంటుంది.