బాక్సర్ రికార్డులో ఓటములు: అపోహలు - వాస్తవాలు

బాక్సింగ్ కోచింగ్ ఇస్తుంటాను కాబట్టి, ఫలానా బాక్సర్ నిజంగా గొప్పవాడేనా అని అడిగేవాళ్ళు తరచుగా తగులుతుంటారు. జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు: "ఎన్ని ఓడాడో చూస్తే తెలిసిపోతుంది కదా సార్!" అంత తేలిగ్గా తెలియదు.

అపోహ: ఒక్కసారీ ఓడనివాడే అందరికంటే గొప్ప.

వాస్తవం: రాకీ మార్సియానో ఆడిన 49 బౌట్లూ (పోటీలూ) గెలిచి రిటైరయ్యాడు. ఫ్లాయిడ్ మేవెదర్ 50కి 50. ఇద్దరూ ఉద్దండులే, అందులో పేచీ లేదు. కానీ మేవెదర్ యాభయ్యో గెలుపు 2017లో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్‌కి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అదే మొట్టమొదటి బౌట్. 2013లో అప్పటికి ఓటమి ఎరుగని ఛాంపియన్ కానెలో అల్వారెజ్ మీద సాధించిన గెలుపు ఎంతో, రికార్డులో ఇదీ అంతే.

ఇప్పుడు షుగర్ రే రాబిన్సన్‌ని చూడండి. వరుసగా 40 గెలిచాక, 1943 ఫిబ్రవరిలో తనకంటే బాగా బరువున్న జేక్ లమొటా చేతిలో ఓడాడు. మూడు వారాలకే మళ్ళీ అతనితోనే ఆడి గెలిచాడు. మొత్తం ఆరుసార్లు తలపడితే ఐదు రాబిన్సన్‌వే. ఆ తర్వాత మళ్ళీ ఓడింది 1951లో, రాండీ టర్పిన్ చేతిలో. కెరీర్ ముగిసేసరికి దాదాపు 200 బౌట్లలో 19 ఓటములు. వాటిలో ఐదు 1965 ఒక్క ఏడాదిలోనే, 44 ఏళ్ళ వయసులో వచ్చాయి. ఏడాదికి ఒకటో రెండో బౌట్లు ఆడే ఇప్పటి స్టార్ల పక్కన ఈ 19ని పెట్టి పోల్చేవాళ్ళతో నేను వాదన పెట్టుకోను.

అపోహ: చివరి రోజుల ఓటములను లెక్కలోంచి తీసేయాలి.

వాస్తవం: తీసేయండి, కానీ ఓడినవాడిదీ గెలిచినవాడిదీ, రెండు ఖాతాల్లోనూ తీసేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మహమ్మద్ అలీ మొత్తం ఐదు ఓడాడు. 1980లో లారీ హోమ్స్ చేతిలో ఓడేనాటికి అతనికి 38 ఏళ్ళు, పైగా రెండేళ్ళుగా రింగ్‌కి దూరం. ఆ ఓటమితో అలీ స్థాయి తగ్గలేదని నేనూ అంటాను. అయితే ఆ గెలుపుని హోమ్స్ గొప్ప విజయాల్లో వేయడానికీ ఒప్పుకోను. జో లూయిస్ సంగతీ అంతే. 1951లో 37 ఏళ్ళ లూయిస్‌ని మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. "పాపం లూయిస్‌కి వయసైపోయింది" అంటూనే, ఆ 49 గెలుపుల్లో దీన్ని మణిపూసలా చూపించేవాళ్ళున్నారు. ఏదో ఒకటే అనాలి.

ఎజార్డ్ చార్ల్స్ పేరు చాలామందికి తెలియకపోవడానికి కూడా ఈ లెక్కే కారణం. 25 ఓటములు కనిపించగానే పక్కన పెట్టేస్తారు. వాటిలో ఎక్కువ భాగం 1951లో హెవీవెయిట్ టైటిల్ పోయిన తర్వాతవి. తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన ఆర్చీ మూర్‌తో మూడుసార్లు ఆడి మూడుసార్లూ గెలిచినవాడు చార్ల్స్!

అపోహ: నాకౌట్ అయ్యాడంటే అసలు సత్తా లేనట్టే.

వాస్తవం: లెనాక్స్ లూయిస్ జీవితంలో రెండే ఓడాడు, రెండూ అతను పడిపోవడంతో మధ్యలో ఆగిపోయినవే. 1994లో ఆలివర్ మెక్‌కాల్ రెండో రౌండ్‌లో పడగొట్టాడు. ఆ రాత్రి మెక్‌కాల్ కార్నర్‌లో ఉన్న కోచ్ ఇమాన్యుయెల్ స్టీవర్డ్. తర్వాత లూయిస్ ఏరికోరి ఆ స్టీవర్డ్‌నే తన కోచ్‌గా పెట్టుకున్నాడు. తనని ఓడించిన బుర్రనే తెచ్చుకున్నవాడికి ఆ ఓటమి వల్ల నేను పెద్దగా మార్కులు తగ్గించను. 2001 ఏప్రిల్‌లో హసీమ్ రహ్మాన్ చేతిలో ఓడినందుకు మాత్రం తగ్గిస్తాను. బౌట్ జోహన్నెస్‌బర్గ్ దగ్గర, సముద్రమట్టానికి బాగా ఎత్తైన చోట. అక్కడి గాలికి అలవాటు పడాలంటే ముందే వెళ్ళాలి. లూయిస్ ఆలస్యంగా వెళ్ళాడు, ఐదో రౌండ్‌లో పడిపోయాడు. నవంబర్‌లో నాలుగు రౌండ్లలోనే బెల్టులు వెనక్కి తెచ్చుకున్నాడు, నిజమే. అయినా ఏప్రిల్‌లో చూపిన నిర్లక్ష్యం మాఫీ కాదు.

అపోహ: జడ్జిలు ఇచ్చిందే అసలు ఫలితం.

వాస్తవం: రికార్డుకి సంబంధించినంతవరకే. 1993లో హులియో సీజర్ చావెజ్, పెర్నెల్ విటేకర్ బౌట్‌ని డ్రాగా ప్రకటించారు. విటేకర్ గెలిచాడని చూసినవాళ్ళలో చాలామంది అభిప్రాయం. కాగితం మీద మాత్రం చావెజ్ అప్పటికి ఓడనివాడిగానే మిగిలాడు. వీడియో దొరికితే రౌండ్ రౌండ్‌కీ మీరే మార్కులు వేసుకోండి.

అపోహ: ఎక్కువ ఓటములున్నవాడితో ఆడితే గెలుపు ఖాయం.

వాస్తవం: వసిల్ లొమచెంకో రెండు ఒలింపిక్ స్వర్ణాలతో ప్రొఫెషనల్స్‌లోకి వచ్చాడు. 2014లో తన రెండో ప్రొఫెషనల్ బౌట్‌లోనే ఓర్లాండో సలీడో చేతిలో ఓడాడు. సలీడో అప్పటికే 12 సార్లు ఓడినవాడు. ఆ బౌట్‌కి నిర్ణయించిన బరువుకి కూడా దిగలేదు, నడుము కింద దెబ్బలూ చాలానే కొట్టాడు. అవన్నీ పక్కన పెట్టినా, దగ్గరికి చొచ్చుకొచ్చి కొట్టుకునే ప్రొఫెషనల్ ఆట ఎలా ఉంటుందో లొమచెంకోకి చూపించింది అతనే. నాలుగు నెలలు తిరగకుండానే మూడో బౌట్‌లో లొమచెంకో ప్రపంచ టైటిల్ గెలిచాడు. అప్పుడు ఓడిన గ్యారీ రస్సెల్ జూనియర్ అప్పటిదాకా ఒక్క బౌట్ కూడా ఓడలేదు.