ఇంటిపేరు ఒక్కరిదే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఎనిమిదో తరగతి పిల్లలకు చార్టు పేపర్లిచ్చి వంశవృక్షం గీయమన్నాను. నాన్న వైపు ముత్తాత దాకా చకచకా రాసేశారు. అమ్మ వైపు వచ్చేసరికి చాలామంది అమ్మమ్మ దగ్గరే ఆగిపోయారు. ఒకమ్మాయి మాత్రం అమ్మమ్మ వాళ్ళమ్మ గడిలో పెన్సిల్‌తో 'సవర' అని గిరిజన తెగ పేరు రాసి, పక్కపిల్ల చూసేలోపే చెరిపేసింది. రబ్బరు రుద్దిన చోట కాగితం గరుకుగా లేచిపోయింది.

నేను లెక్క మొదలుపెట్టాను. తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ళను కన్నవాళ్ళు నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. ఇలా రెట్టిస్తూ పోతే పదో తరానికి 1,024 మంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేరు వాళ్ళలో ఒక్కరిదే. మిగతా 1,023 మందిలో ఏ ఒక్కరు లేకపోయినా మనం పుట్టేవాళ్ళం కాదు.

ముప్పయ్యో తరానికి ఈ లెక్క 107 కోట్లు దాటుతుంది. ఆ కాలంలో భూమ్మీద అంత జనమే లేరు. అంటే ఒకే మనిషి మన వృక్షంలో చాలా కొమ్మల మీద ఉంటాడన్నమాట. మేనరికపు ఇళ్ళ పిల్లలు దీన్ని ఇట్టే పట్టేశారు. "మాస్టారూ, మా నాన్నకీ అమ్మకీ తాత ఒక్కరే!"

మన దేశంలో చాలా కులాలు, తెగలు రెండు ప్రాచీన జనసమూహాల కలయికేనని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న జన్యు పరిశోధన 2009లో చూపించింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు సాగిందని, తర్వాతే ఎవరి గుంపులో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడం బలపడిందని 2013లో తేలింది. కులం శుద్ధి గురించి మాట్లాడే పెద్దలకు ఇది చెప్పాలని నాకెంతో ఉంటుంది.

కానీ చెరిపేసిన ఆ మాట సంగతి వేరు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో అబ్బాయిల చేత దారి కనుక్కునే పజిల్స్ చేయించారు. కులం బయటపెట్టనంతసేపూ అందరూ సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివాక, అణగారిన కులాల పిల్లలు వెనకబడిపోయారు. ఆ కాసేపట్లో ఎవరి తెలివీ తరిగిపోదు కదా! అది చదివాక చార్టులు గోడకు అంటించడం మానేశాను. ఎవరి చార్టు వాళ్ళ బ్యాగులోనే ఉంటుంది.

మర్నాడు గిడుగు రామమూర్తి పంతులు గురించి చెప్పాను. ఇదే ఊళ్ళో పాఠాలు చెబుతూ, సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చారని చెప్పాను. బెల్లు కొట్టాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అమ్మమ్మని సవరలో ఏమంటారు మాస్టారూ?"

"ఇంటికెళ్ళి మీ అమ్మమ్మనే అడుగమ్మా," అన్నాను.