వోల్గోగ్రాడ్‌లో స్టాలిన్‌గ్రాడ్: ఒక పేరు చుట్టూ వందేళ్ల పేచీ

2025 ఏప్రిల్‌లో రష్యా అధ్యక్షుడు పుతిన్ వోల్గోగ్రాడ్ విమానాశ్రయానికి ‘స్టాలిన్‌గ్రాడ్’ అని పేరు పెట్టారు. ఊరి పేరు జోలికి మాత్రం పోలేదు. దాంతో ప్రయాణికులు స్టాలిన్‌గ్రాడ్‌లో దిగి వోల్గోగ్రాడ్‌కు వెళ్లాల్సి వస్తోంది.

నిజానికి ఈ ఊరు అత్యధిక కాలం మోసిన పేరు ఈ రెండూ కాదు. వోల్గా నదిలో సాగే సరుకు పడవలను కాపాడటానికి 1589లో ఇక్కడ వెలసిన కోట పేరు త్సరీత్సిన్. 1670లో స్తెపాన్ రాజిన్ తిరుగుబాటు సేన దాన్ని పట్టుకుంది. 1765లో దక్షిణాన మొరావియన్ శాఖకు చెందిన జర్మన్ క్రైస్తవులు సరెప్తా అనే స్థావరం కట్టుకున్నారు. అక్కడి ఆవపిండి, ఆవనూనె రష్యా అంతటా పేరు పొందాయి. ఆ సరెప్తా ఇప్పుడు నగరంలో భాగమే అయినా, పేరు వివాదంలో దాని ఊసు ఎవరూ ఎత్తరు.

1918 అంతర్యుద్ధ కాలంలో ధాన్యం సేకరణకు మాస్కో స్టాలిన్‌ను ఇక్కడికి పంపింది. నగర రక్షణలో ఆయన పాత్రను తర్వాత గోరంతలు కొండంతలు చేసి చెప్పారు. 1925లో, ఆయన బతికుండగానే, ఊరికి ఆయన పేరు పెట్టేశారు. ఆ పేరు ఉన్నది 36 ఏళ్లే. కానీ ఆ మధ్యలోనే, రెండో ప్రపంచయుద్ధంలో, జర్మన్ సేనలతో 1942-43 యుద్ధం వచ్చింది. ఆగస్టు 23 నాటి బాంబుదాడితో మొదలై నగరం శిథిలాల గుట్టగా మారింది. జనవరి 31న జర్మన్ సేనాని పౌలుస్ ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో పట్టుబడ్డాడు. నది ఒడ్డున తూటాలకు తూట్లు పడిన ఎర్ర ఇటుకల పిండిమరను ఈనాటికీ బాగుచేయకుండా అలాగే ఉంచారు.

పేచీ అంతా ఇక్కడే. ఒక వర్గానికి స్టాలిన్‌గ్రాడ్ అంటే ఆ యుద్ధం, అందులో పోయిన సైనికులు. మరో వర్గానికి అది 1932-33లో దిగువ వోల్గా పల్లెలను కరవు పాలుచేసిన పాలకుడి పేరు. ఇద్దరి మాటా నిజమే కనుక ఈ వాదన తెగదు.

1961లో సోవియట్ నేత క్రుశ్చేవ్ హయాంలో స్టాలిన్ పేరు తీసేసి వోల్గోగ్రాడ్ అన్నారు. ఆరేళ్ల తర్వాత మమాయెవ్ దిబ్బ మీద, కత్తితో కలిపి 85 మీటర్ల ఎత్తున ‘మాతృభూమి పిలుస్తోంది’ విగ్రహం లేచింది. పారిస్ మెట్రోలో మాత్రం స్టాలిన్‌గ్రాడ్ స్టేషన్ ఆ పేరుతోనే కొనసాగుతోంది. మాస్కోలో క్రెమ్లిన్ గోడ పక్కనున్న యుద్ధ స్మారకంపై 2004లో పుతిన్ పాత పేరును తిరిగి చెక్కించారు. 2013లో వోల్గోగ్రాడ్ నగర మండలి కొన్ని స్మారక దినాల్లో స్టాలిన్‌గ్రాడ్ అనే వ్యవహరించాలని తీర్మానించింది. 2023లో స్టాలిన్ ప్రతిమ కూడా వెలిసింది. పూర్తిగా పేరు మార్చే ధైర్యం మాత్రం ఎవరూ చేయలేదు. 2023 సర్వేలో నగరవాసుల్లో అధికులు మార్పు వద్దనే అన్నారు మరి.