లావాకి మీగడ కడితే

సెలవులకి హవాయిలోని బిగ్ ఐలాండ్ వెళ్లబోతున్న ఒక పాఠకురాలు అడిగారు: "ఫొటోల్లో ఒకచోట లావా నున్నగా, మడతలు మడతలుగా ఉంది. పక్కనే రాళ్లు గుట్టలు పోసినట్టుంది. ఈ రెండూ వేర్వేరు అగ్నిపర్వతాలవా?"

కానక్కర్లేదు. చాలాసార్లు రెండూ ఒకే బిలం నుంచి, ఒకే విస్ఫోటంలో వచ్చినవే. ల్యాబ్‌కి పంపినా రసాయనికంగా చెప్పుకోదగ్గ తేడా దొరకదు. నున్నటిదాన్ని పహోయిహోయి అంటారు, గరుకుదాన్ని ఆఆ అంటారు. రెండూ హవాయి మాటలే, ప్రపంచమంతా భూగర్భ శాస్త్రంలో అవే వాడుకలో ఉన్నాయి.

స్కూలు పుస్తకాల మీద నాకొక ఫిర్యాదుంది. అగ్నిపర్వతమంటే కోసుగా ఉండి నెత్తిన పొగ కక్కే కొండ అని బొమ్మ వేసి వదిలేస్తారు. ఆ బొమ్మ మనసులో పెట్టుకుని బిగ్ ఐలాండ్‌లోని కిలవెయా అగ్నిపర్వతం మీద నిలబడినవాళ్లు "ఇంతకీ అగ్నిపర్వతం ఎక్కడ?" అని వెతుక్కోవాల్సిందే. అక్కడి లావా పల్చన, అది దూరం పారిపోతుంది. అందుకే కొండ కూడా వాలుగా, వెడల్పుగా పెరుగుతుంది.

ఇక లావా చర్మం సంగతి. కాచిన పాలు చల్లారుతుంటే మీగడ కడుతుంది కదా, దాన్ని వేలితో మెల్లగా ఒక పక్కకి నెట్టండి. ముడతలు పడుతుంది కానీ చిరగదు. పహోయిహోయి కథ ఇదే. సుమారు 1,150 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయటికొచ్చిన లావా నారింజ రంగులో మెరుస్తుంది. కొన్ని సెకన్లలోనే పైన బూడిదరంగు పొర కడుతుంది. ఆ పొర ఇంకా మెత్తగా ఉండగానే కింద లావా ముందుకు లాగుతుంది, ముందరి భాగం ఆగుతుంది, మధ్యలో పొర ముడుచుకుంటుంది. ప్రవాహం అంచుల్లో కంటే నడిమధ్య వేగంగా పోతుంది కాబట్టి ముడతలు విల్లులా వంగుతాయి. విల్లు ఉబ్బు ఎటుంటే లావా సాధారణంగా అటు పారిందన్నమాట. అక్కడ నడిచేటప్పుడు దిక్సూచిలా వాడుకోవచ్చు.

ఒక్క తేడా మరిచిపోకూడదు. మీగడ పాలలోంచి వేరుపడి పైకి తేలిన కొవ్వు, ప్రొటీన్ల పొర. లావా పొర వేరే పదార్థమేమీ కాదు, గభాలున చల్లారి గాజైపోయిన లావాయే. కొత్త పహోయిహోయి వెండిలా మెరిసేది ఆ గాజు వల్లనే.

పొర పడ్డాక అసలు తమాషా మొదలవుతుంది. రాయి వేడిని సరిగ్గా ప్రసరింపజేయదు, కాబట్టి పొర మందమయ్యే కొద్దీ లోపలి వేడి బయటికి రావడం కష్టమవుతుంది. మందం కాలపు వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది, అంటే రెట్టింపు మందానికి నాలుగింతల సమయం పడుతుంది. కిలవెయా మీద కొలిచిన లెక్క ప్రకారం 5 సెంటీమీటర్లకి సుమారు 25 నిమిషాలు, 10 సెంటీమీటర్లకి గంటా నలభై నిమిషాలు, ఒక మీటరుకి వారం, రెండు మీటర్లకి నాలుగు వారాలు. ఈలోగా లోపల లావా వస్తూనే ఉంటుంది, ముందుకు దారి లేక పైకప్పుని లేపుతుంది. జానెడెత్తున వచ్చిన ప్రవాహం మనిషిని మించి ఉబ్బుతుంది. 1990లో కలపానా ఊరిని కప్పేసింది ఇలాంటి లావాయే. పైకప్పు గట్టిపడి లోపలిది ఖాళీ అయిపోతే సొరంగం మిగులుతుంది. అక్కడి హవాయి వోల్కనోస్ నేషనల్ పార్కులోని నహుకు సొరంగం అలా ఏర్పడిందే. పారుతున్న సొరంగంలో లావా కిలోమీటరు ప్రయాణించినా దాదాపు ఒక డిగ్రీ లోపే చల్లారుతుంది!

ఇప్పుడు మీగడ కట్టిన పాలని గరిటెతో జోరుగా తిప్పండి. ముక్కలైన మీగడ మళ్లీ నున్నటి పొరగా అతుక్కోదు. ఆఆ ఇదే. లావా చల్లారుతూ, వాయువులు పోగొట్టుకుంటూ ఉంటే లోపల సన్నటి స్ఫటికాలు పుట్టి చిక్కబడుతుంది. చిక్కదనం, సాగదీసే వేగం, రెండూ కలిసి ఒక హద్దు దాటితే పొర చిరిగిపోతుంది. పల్చటి లావా వేగాన్ని తట్టుకుంటుంది, చిక్కటిది కొద్దిపాటి వేగానికే చిరుగుతుంది. చిరిగిన ముక్కలు ముందువైపు రాలతాయి, ప్రవాహం వాటి మీదుగానే పోతుంది. అందుకే ఆఆకి పైనా కిందా రాళ్లే, నడుమ గట్టి గుండె.

దీన్ని కళ్లారా చూడాలంటే పార్కులోని చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు మీద సముద్రం వైపు దిగండి. 1969-74 మధ్య కిలవెయా మీది మౌనా ఉలు అనే బిలం నుంచి వచ్చిన లావా హోలెయ్ పాలీ అనే నిటారు చరియ మీదుగా జారింది. వాలు పెరిగితే వేగం పెరుగుతుంది, పొర చిరుగుతుంది. అందుకే అక్కడ మెరిసే పహోయిహోయి చారలూ, మెరుపు లేని నల్లటి ఆఆ చారలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

అక్కడి రాయి ఇంటికి తెస్తే హవాయి వాళ్ల అగ్నిపర్వతాల దేవత పెలే శపిస్తుందని భయపడి, తెచ్చిన రాళ్లని క్షమాపణ ఉత్తరాలతో పార్కుకి పోస్టు చేసేవాళ్లున్నారు. ఉద్యోగం పోయినా రాయిదే తప్పంటారు. శాపం సంగతి నేను నమ్మను గానీ, నేషనల్ పార్కులో రాయి తియ్యడం చట్టవిరుద్ధం. ఆ కారణం చాలు.

నేను నిజంగా భయపడేది సముద్రపుటొడ్డున కొత్తగా పుట్టిన నేలకి. పైన గట్టి పొరే కనిపిస్తుంది, కింద మాత్రం నీళ్లు తగిలి పగిలిన గాజు ముక్కల పోగు. 2016 డిసెంబర్ 31న కిలవెయా తీరంలోని కమొకునా దగ్గర అలాంటి కొత్త నేలలో (దాన్ని లావా డెల్టా అంటారు) చాలాభాగం సముద్రంలోకి కూలిపోయింది, పక్కనున్న పాత గట్టులో కొంత ముక్కనీ తీసుకుపోయింది. లావా సముద్రంలో కలిసేచోట పార్కువాళ్లు తాడు కడితే దాని ఇవతలే ఉండండి.