చేను చుట్టూ కరెంటు తీగ: అడవి డ్యూటీలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

"నా చేను, నా మక్క, నా మోటరు కరెంటు. పందికి తీగ పెడితే మీకేమైతది సారూ?"

ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఇరవై రెండేళ్లుగా ఫారెస్టు డ్యూటీ చేస్తున్నాను. బీట్ ఆఫీసరుగా చేరి ఇప్పుడు సెక్షన్ చూస్తున్నాను. మక్క కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే ఈ మాట వినని వారం ఉండదు. పోయిన నెలలో ఒకే ఊళ్లో ముగ్గురు అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. వేట మీద మా వైపు అపోహలు చాలానే ఉన్నాయి. కానీ మనుషుల ప్రాణం తీస్తున్నది ఇదొక్కటే. ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: సొంత చేన్లో కరెంటు తీగ పెట్టడం వేట కాదు, పంట కాపలా.

వాస్తవం: వేటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర పెట్టడం, తరమడం, గాయపరచడం అన్నీ వేటే. వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. అది పట్టా భూమా, పోడు భూమా అని చట్టం అడగదు. తీగ కట్టి కరెంటు ఇచ్చిన రాత్రి ఏ జంతువూ పడకపోయినా ప్రయత్నం జరిగిపోయినట్టే. ఆ చట్టం జంతువులను షెడ్యూల్‌లు అనే జాబితాలుగా విడదీసింది. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. అదే తీగకు చిరుతో గుడ్డెలుగో పడితే మొదటి షెడ్యూల్ కిందికి పోతుంది. అక్కడ మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష. ఏటూరునాగారం, పాకాల లాంటి అభయారణ్యం లోపల వేటాడితే పంది అయినా ఇదే లెక్క. లైను మీద కొండి వేసి కరెంటు తీసుకుంటే 2003 విద్యుత్ చట్టం కింద దొంగతనం కేసు వేరు.

అయితే ఈ సెక్షన్లు విని మారినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. నేను చూసిన ఒక పొద్దు గురించి చెబుతాను.

ఆరేళ్ల కింద, యాసంగి మక్క. తెల్లవారుజామున అయిదున్నరకు ఫోన్ వచ్చింది. "సారూ, తీగకు పడ్డది" అని చెప్పి పెట్టేశారు. గుడ్డెలుగు అనుకుని, తాడు, టార్పాలిన్ జీపులో వేసుకుని వెళ్లాను. పడింది మనిషి. తీగ పెట్టిన రైతే. గట్టు వెంట మోకాలెత్తున వెదురు గూటాలు, వాటికి బీరు సీసాల మెడలు తొడిగి, వాటి మీదుగా బైండింగ్ వైరు లాగాడు. ఒక చెప్పు గట్టు మీద ఉంది. చేతిలోంచి జారిన టార్చిలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఎండ వచ్చినా దాన్ని ఎవరూ ఆపలేదు.

ఆయన రోజూ నాలుగింటికి తీగ చుట్టేసేవాడు. ఆ రోజు స్టార్టర్ డబ్బా దగ్గరికి కొడుకును పంపాడు. ఆ పిల్లవాడు ఇంటర్ చదువుతున్నాడు. ఫ్యూజు తీశాడు కూడా. కాకపోతే మోటరుకు కరెంటు మూడు ఫేజుల్లో, అంటే మూడు వేరు వేరు తీగల్లో వస్తుంది. వాడు తీసింది ఒక ఫేజుది, తీగ కట్టి ఉన్నది ఇంకో ఫేజుకు. పంచనామా అవుతున్నంతసేపు నా పక్కనే నిలబడి ఒకటే అడిగాడు. "సారూ, నేను ఫ్యూజు తీసిన. మరి కరెంటు ఎట్ల వచ్చింది?" ఆ రోజు జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అపోహ: మనిషి తాకితే ఫ్యూజు కొట్టేస్తది, ఏం కాదు.

దీని మీద ఎంత చెప్పినా తక్కువే. ఫ్యూజు ఉన్నది మోటరు కోసం, మీ కోసం కాదు. ఒక ఫేజుకూ భూమికీ మధ్య 230 వోల్టులు ఉంటుంది. మన ఒంటిని వెయ్యి ఓముల లెక్కన చూసుకున్నా ఒంట్లోంచి పారే కరెంటు పావు ఆంపియరు కన్నా తక్కువే. మోటరు ఫ్యూజు కాలాలంటే ఎన్నో ఆంపియర్లు కావాలి. గుండె లయ తప్పడానికి మాత్రం ఆంపియరులో పదో వంతు చాలు. అంటే మనిషి పోతాడు, ఫ్యూజు అట్లాగే ఉంటుంది. పడ్డ మనిషికి తాకుతూ తీగలో కరెంటు పారుతూనే ఉంటుంది. పట్టుకున్న చేయి బిగుసుకుపోతుంది, విడిపించుకోలేడు. లేపబోయిన రెండోవాడు కూడా పడతాడు. నీళ్లు పారిన మడిలో వట్టి కాళ్లతో ఉంటే మరీ ఘోరం. ఎవరైనా తీగ మీద పడి కనిపిస్తే కరెంటు పూర్తిగా ఆగిందని తేలేదాకా ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కు గానీ కరెంటు ఆఫీసు నంబరు 1912కు గానీ ఫోన్ కొట్టండి.

తీగకు పడేది పెట్టినవాడు ఒక్కడే కాదు. మోటరు పెట్టడానికి రాత్రి గట్టు మీద నడిచే పక్క చేను రైతు పడతాడు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వచ్చినవాడు పడతాడు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడానికి కోయ ఆడవాళ్లు చీకటితోనే బయల్దేరతారు. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, పశువులు తినకముందే ఏరుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మా భూపాలపల్లి జిల్లా కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. అడవిలో నడవడంలో అంత శిక్షణ ఉన్నవాడికే చీకట్లో తీగ కనబడలేదు.

"మేము రాత్రి పదింటికి పెట్టి నాలుగింటికి తీస్తాం, ఊరందరికీ చెప్పినం" అంటారు. ఊరికి చెప్పారు సరే. పక్క ఊరి గొర్రెల కాపరికి ఎవరు చెప్పారు?

అపోహ: పందులను చంపుతుంటే అవే తగ్గుతాయి.

ఆడపంది చూలు కట్టిన నాలుగు నెలల్లోపే ఈనుతుంది. ఒక ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు. మక్క, వరి, పల్లి దొరికిన చోట ఆ పిల్లలు బాగానే బతుకుతాయి. వాటిని అదుపులో పెట్టేవి పెద్దపులి, చిరుత, రేసుకుక్కలు. తీగ పంది కోసమే పెట్టారు, నిజమే. కానీ పందిని వెంటాడుతూ వచ్చిన చిరుతను ఆ తీగ వదలదు. పులి ఏళ్లకు గానీ అడుగు పెట్టని అడవి మాది. గోదావరి దాటి, అటు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ఒకటీ అరా వస్తున్నాయి. అట్లా వచ్చిన పులి ఉచ్చుకో తీగకో బలైతే, పందులను ఉచితంగా కాపలా కాసేదాన్ని మనమే పోగొట్టుకున్నట్టు.

మరి రైతు ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. మూడెకరాల మక్క, కోతకు ఇరవై రోజులు ఉందనగా, ఒక్క రాత్రిలో పడుకోబెట్టినట్టు అయిపోతే ఆ మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నేను చూశాను. అప్పు తెచ్చి పెట్టిన పంట. "పందులకున్న విలువ మాకు లేదా?" అని అడిగితే ఆ మాటలో తప్పు లేదు. పంట నష్టం జరిగితే దరఖాస్తు పెట్టండి, ఫోటోలు తీసి ఉంచండి, మా ఆఫీసుకూ వ్యవసాయ శాఖకూ చెప్పండి. పందుల బెడద నిజంగా మితిమీరితే చట్టంలో దారి ఉంది. సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు, కారణాలు రాసి చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. ఆ పని తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు అనుమతి కాగితంతో చేస్తారు. తీగతో కాదు.

పంట చుట్టూ చేసుకునే పనులు కొన్ని ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పందుల మీద చాలా ఏళ్లు పనిచేశారు. మక్క చుట్టూ ఆముదం నాలుగు సాళ్లు దగ్గర దగ్గరగా వేయమంటారు. పందికి చూపు తక్కువ, ముక్కే దానికి కన్ను. ఆముదం వాసనకు లోపలున్న మక్క వాసన దానికి సరిగా అందదు. ఆముదం తినదు కూడా. పల్లికైతే చుట్టూ కుసుమ వేస్తారు, ముళ్లకు జంకుతుంది. మంగలి షాపులో వెంట్రుకలు తెచ్చి గట్టు వెంట చల్లితే, నేల వాసన చూస్తూ వచ్చేటప్పుడు ముక్కులో దూరి చిరాకు పడుతుంది. వాన పడితే మళ్లీ చల్లాలి. రంగు చీరలు కట్టడం కొద్ది రోజులే పనిచేస్తుంది, తర్వాత అలవాటు పడతాయి. ఇవి నూటికి నూరు పాళ్లు ఆపుతాయని నేను చెప్పను. రెండు మూడు కలిపి చేసినవాళ్ల చేన్లలో నష్టం తగ్గడం మాత్రం నా కళ్లతో చూశాను.

సోలార్ ఫెన్సింగ్ వేరు, కరెంటు తీగ వేరు. సోలార్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది. సెకనుకు ఒకసారి రెప్పపాటు కన్నా తక్కువ సేపు దెబ్బ కొట్టి ఆగుతుంది. ఆ మధ్యలో పంది గానీ మనిషి గానీ వెనక్కి తగ్గుతారు. షాక్ కొడుతుంది, చంపదు. కొందరు సోలార్ తీగ వేసి, బ్యాటరీ పోయాక దానికే మోటరు కరెంటు కలుపుతున్నారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే అది సోలారే అనుకుని జనం ధీమాగా దాటుతారు.

ఇక మిగతావి గబగబా చెబుతాను.

"పందిని చంపొచ్చని ఢిల్లీ నుంచి ఆర్డర్ వచ్చింది" అనే వాట్సాప్ మెసేజ్ ఏటా తిరుగుతుంది. 2015, 2016లో కేంద్రం బీహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాలకు, కొంత కాలానికి ఇచ్చిన ఆదేశాలు అవి. మనకు సంబంధం లేదు.

"కూర వండేస్తే ఏ జంతువో ఎవరికీ తెలియదు." తెలుస్తుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది. వండిన ముక్క నుంచి కూడా డీఎన్ఏ తీసి ఏ జంతువో చెబుతారు. కొన్నవాడు కూడా కేసులో ఉంటాడు.

ఉడుము నెయ్యితో నడుము నొప్పి పోదు. అలుగు అనే జంతువు పొలుసు మన గోరు లాంటి పదార్థమే, అందులో మందేమీ లేదు. రెండు తలల పాముకు ఉన్నది ఒకటే తల. కోట్లు ఇస్తామని వచ్చేవాడు మోసగాడు.

"అటవీ హక్కుల చట్టం వచ్చింది కదా, ఆదివాసులకు వేట హక్కు ఉంది." 2006 చట్టం భూమి మీద, ఇప్పపువ్వు, తునికాకు లాంటి అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది. వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఇది చెప్పేటప్పుడు నాకు కష్టంగానే ఉంటుంది. కోయగూడేల్లో ఎండాకాలం భూమి పండుగకు వేటకు పోవడం తాతల నాటి ఆచారం. దొరికినదాన్ని గూడెం అంతా పంచుకునేవాళ్లు. అడవిని ఖాళీ చేసింది వాళ్లే అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మా తాత పాకాల దగ్గరి ఊరివాడు. నిజాం కాలంలో దొరలు, ఆఫీసర్లు షికారుకు వస్తే ఊళ్లో మగవాళ్లందరినీ వెట్టికి తోలేవాళ్లు. డప్పులు కొడుతూ, కేకలు పెడుతూ జంతువులను తుపాకుల ముందుకు తరమాలి. పులి తిరగబడితే ముందు పోయేది తరిమేవాడే. ఒకసారి గుడ్డెలుగు గీరిన మచ్చ మా తాత భుజం మీద చివరిదాకా ఉంది. ఆ రోజుకు ఆయనకు ఇచ్చింది సోలెడు జొన్నలు.

"ఆవును పులి చంపిందని చెబితే మన మీదే కేసు పెడతారు." ఇది వింటే బాధేస్తుంది, ఎందుకంటే ఈ భయంతోనే కళేబరం మీద పురుగుమందు చల్లుతారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయింది విషం పెట్టిన పశువు మాంసంతోనే. పశువు చనిపోతే పరిహారం ఉంది. కళేబరాన్ని కదిలించకుండా, ఫోటో తీసి, అదే రోజు మాకు చెప్పండి. చెప్పినవాడి మీద కేసు ఉండదు.

చివరగా, పోయిన వారం వచ్చిన ఒక ఫోన్. "సారూ, నా పేరు బయటికి రావద్దు. పక్క చేనాయన తీగ పెడుతుండు. చెబితే పాలివాళ్లం, మాటలుండవు. చెప్పకపోతే భయమైతాంది." ఆ గొంతు వణకడం నాకు వినబడింది. ఇట్లాంటి ఫోన్లు మాకు కొత్త కాదు. మీ పేరు మేము బయటపెట్టం, 1912కు చెప్పినా చాలు. ఆ రాత్రి మేము మామూలు పెట్రోలింగ్‌కు వచ్చినట్టే వెళ్లాం, లైన్‌మన్ కూడా వచ్చాడు. సప్లై ఆపి, తీగ చుట్టేసి జీపులో వేశాం. అది ఇప్పచెట్ల కిందికి పోయే బాట మీదుగానే లాగి ఉంది. తెల్లవారుజామున మేము తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా నలుగురు ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ బాటనే నడిచి వస్తున్నారు. ఒకామె చంకలో పిల్ల కూడా ఉంది.