బడిలో ఇచ్చిన మాత్ర

చిన్నీకి, బుజ్జికి తాత ఆశీస్సులు.

"కడుపునొప్పి లేదు కదా తాతా, బడిలో ఆ మాత్ర ఎందుకు మింగించారు?" అని అడిగావు చిన్నీ. ఫిబ్రవరి 10న మీరు నమిలింది ఆల్బెండజోల్, నులిపురుగుల మందు. నొప్పి వచ్చేదాకా ఆగితే ఏమవుతుందో పల్లెటూరి ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్నప్పుడు నేను చూశాను.

బుచ్చిరెడ్డిపాళెం వైపు కాలువలు చూశారుగా. సంగం ఆనకట్ట దగ్గర మళ్లిన పెన్న నీళ్లు కనిగిరి రిజర్వాయరు చేరి, అక్కణ్ణించి పొలాలకు పారతాయి. మన పేగూ అలాంటి కాలువే. పెద్దవాళ్లలో చిన్నపేగు ఒక్కటే దాదాపు 6 మీటర్లు. నా చిన్నతనంలో నాట్లప్పుడు తూము దగ్గర గుర్రపుడెక్క పట్టేసేది. ఎగువన నీళ్లు గట్టు మీదికి పొర్లేవి, దిగువన మళ్లు నెర్రెలిచ్చేవి. పిల్లలమంతా నడుంలోతు నీళ్లలో దిగి డెక్క లాగి గట్టున పడేసేవాళ్లం. చివరి మోపు ఊడగానే నీళ్లు ఒక్క ఉదుటున కదిలేవి. ఆ ఆనందం మీకెలా చెప్పను!

ఆ నులిపురుగుల్లో ఏలికపాము అని ఒక రకం. ఒక్కోటి జానెడు, అంతకన్నా పొడుగు కూడా ఉంటుంది. ఒకటీ రెండూ ఉంటే తెలియనే తెలియదు. పదుల కొద్దీ చేరి ఉండచుట్టుకుంటే పేగుకి డెక్క పట్టినట్టే. ఎగువన పొట్ట ఉబ్బి ఆకుపచ్చని వాంతులవుతాయి. దిగువకి మలమూ రాదు, గాలీ రాదు. అలాంటి పిల్లలకి ఇంట్లో ఆముదం పట్టించి తీసుకొచ్చేవాళ్లు. మూసుకుపోయిన కాలువకి పైనుంచి ఇంకా నీళ్లు వదిలితే గట్టు తెగదా? ఆ పని ఎప్పుడూ చేయొద్దని మీ అమ్మతో చెప్పండి. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ ఎక్కిస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే అడ్డు సడలేది. కొందరికి పొట్ట కోయక తప్పేది కాదు. పేగు తెరిచి పాముల్ని ఒక్కొక్కటిగా ట్రేలో వేస్తుంటే, తలుపు బయట తల్లి ఏడుపు వినపడేది.

ముసలివాళ్లకి పెద్దపేగు మెలిపడి, చంటిపిల్లలకి పేగులోకి పేగే దూరి కూడా అడ్డు పడుతుంది. అవి మరో ఉత్తరంలో రాస్తాను.

ఈ పాముల గుడ్లు మలంతో మట్టిలో చేరి, మట్టిచేతులతో, కడగని కూరగాయలతో నోట్లోకి పోతాయి. పేగులో బయటికొచ్చిన పిల్లపురుగు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి వెళ్లి, గొంతుకెక్కి, మనం మింగితే మళ్లీ పేగులోకే వస్తుంది. బయల్దేరిన చోటికే చేరడానికి ఎంత యాత్రో చూడండి! అందుకే అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి, పొలం గట్ల మీద దొడ్డికి కూర్చోకూడదు.

రాత్రి అన్నాలయ్యాక బుజ్జి పొట్టకి చెవి ఆనించి విను చిన్నీ. గుడగుడమంటుంటే పేగు కదులుతున్నట్టే. అడ్డు పడిందేమోనని అనుమానం వస్తే మేం స్టెతస్కోపు పెట్టి వినేది ఆ చప్పుడే. ఎలా వినపడిందో నాకు రాయి.

మీ తాత