ఆ గీత గీసింది చలా, గొర్రెలా?

తెల్లవారగానే కొండ కింద బయలుదేరితే మొదటి రెండు మూడు గంటలూ అడవిలోనే గడుస్తాయి. నీడ, జారే వేర్లు, ఎక్కడో నీళ్ళ చప్పుడు. ఎంత ఎక్కామో, ఇంకా ఎంత ఉందో అంతుపట్టదు. ఉన్నట్టుండి చెట్లు అయిపోతాయి. ఎదురుగా ఎండలో మెరిసే పచ్చిక, దాని పై అంచున రాళ్ళు పేర్చి కట్టిన కాపరుల గుడిసెలు. చాలామంది అక్కడ బ్యాగు దించి ఫోటో తీసుకుంటారు. నన్నడిగితే, ముందు వెనక్కి తిరిగి ఆ చెట్ల అంచును చూడమంటాను. అడవి సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది?

ఎవరైనా ముందు చలి అనే అంటారు. అందులో నిజం ఉంది. పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఎక్కడో ఒకచోట చెట్టు ఇక తట్టుకోలేదు. ఆ చోటు ఏదో కనుక్కోవడానికి బాసెల్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్, ఆయన సహచరుడు ప్రపంచంలోని రకరకాల పర్వతాల మీద చెట్ల అంచున మట్టిలో ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు పాతిపెట్టారు. 2004లో వచ్చిన వాళ్ళ లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది. భూమధ్యరేఖ దగ్గరి కొండలైనా, ఉత్తరాన మంచు దేశాల కొండలైనా, చెట్లు పెరిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత దాదాపు 6-7 డిగ్రీలకు పడిపోయిన చోటే అడవి ఆగిపోతోంది. ఎత్తు మాత్రం ఊరికొక తీరు. ఆల్ప్స్‌లో చాలాచోట్ల 2,000 మీటర్లు దాటగానే చెట్లు పలచబడతాయి. బొలీవియాలోని సహామా పర్వతం మీద పొలిలెపిస్ అనే పొట్టి చెట్లు 5,000 మీటర్ల పైన కూడా బతుకుతున్నాయి.

చలికి చెట్టు ఆకలితో చచ్చిపోతుందని అనుకుంటాం. అలా కాదు. చల్లటి రోజుల్లోనూ ఆకులు చక్కెర తయారుచేస్తూనే ఉంటాయి. ఆ చక్కెరతో కొత్త కణాలు కట్టే పనే 5 డిగ్రీల కింద దాదాపు ఆగిపోతుంది. ఇటుకలు గుట్టగా పడి ఉన్నా మేస్త్రీ రాక ఆగిపోయిన ఇల్లులా ఉంటుంది దాని పరిస్థితి.

మరి గడ్డి ఎలా బతుకుతోంది? పచ్చికలో ఓసారి వెల్లకిలా పడుకోండి. నిలబడ్డప్పుడు వణికించిన గాలి పైనుంచి పోతుంది, ఒంటికి వెచ్చగా తగులుతుంది. ఎండ పడ్డ నేలను ఆనుకుని ఉన్న గాలి పై గాలి కన్నా చాలా డిగ్రీలు వేడిగా ఉంటుంది. గడ్డి, పూలమొక్కలు ఆ వెచ్చదనంలో దాక్కుంటాయి. చెట్టు తల మాత్రం గాలిలోనే ఉండాలి. ఎత్తుగా పెరగడమే దానికి శాపం.

కానీ మీరు దాటి వచ్చిన అంచు బహుశా ఈ చలి గీత కాదు. చలి ఆపిన అడవి ఒక్కసారిగా తెగిపోదు. చెట్లు పొట్టివవుతాయి, గాలికి వంగుతాయి, ఎడమెడంగా నిలబడతాయి, చివరికి పొదలవుతాయి. నిండుగా ఎదిగిన అడవి గోడలా ఆగి, వెంటనే పచ్చిక మొదలైతే, పచ్చిక మధ్యలో నిటారుగా ఒకటీ అరా పెద్ద చెట్లు మిగిలి ఉంటే, అది గొడ్డలి, గొర్రె కలిసి చేసిన పని. ఆల్ప్స్‌లో ఇది వేల ఏళ్ళ నాటి కథ. పొరపొరగా పేరుకున్న అక్కడి బురద నేలల్లో, కింది పాత పొరల నుంచి పైకి వచ్చేకొద్దీ చెట్ల పుప్పొడి తగ్గి, మేత బీళ్ళలో పెరిగే మొక్కల పుప్పొడి పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది. అసలు జర్మన్ మాట్లాడే ఆ కొండల్లో ‘ఆల్ప్’ అంటే శిఖరం కాదు, వేసవి మేత బీడు!

గొర్రె పంటికి గడ్డి చావదు, ఎందుకంటే అది పెరిగేది మొదట్లోంచి. పైన ఎంత కొరికినా కింద నుంచి తోసుకొస్తుంది. పైన్ మొలక పెరిగేది కొసలోంచి. ఆ కొస రెండు మూడుసార్లు కొరుక్కుపోతే దాని పని అయిపోయినట్టే. అంటే ఏటా వేసవిలో మంద వస్తే చాలు, అడవి వెనక్కి రాదు.

గుడిసె దగ్గరికి వెళ్ళే ముందు ఒక మాట. మందను కాసే కుక్క పెంపుడు కుక్క కాదు, దానికి మనం దొంగలమో తోడేళ్ళమో. పరుగెత్తకుండా ఆగి, మందకు దూరంగా చుట్టు తిరిగి పొండి.

గుడిసె చుట్టూ మొక్కలు మారిపోతాయి. సన్నటి గడ్డి పోయి, చెయ్యి తగిలితే మండే ఆకు, వెడల్పాటి ఆకుల పొదలు గుబురుగా ఉంటాయి. రాత్రిళ్ళు మంద పడుకునే చోటు అది. పగలంతా కొండ మీద మేసినదాన్ని గొర్రెలు తెచ్చి అక్కడ పేడగా పోస్తాయి. అలా చేరిన నత్రజని, భాస్వరం ఆ మొక్కలకు పండగే. ముఖ్యంగా భాస్వరం మట్టిని అంటుకుని దశాబ్దాలు ఉండిపోతుంది. గోడలు కూలి రాళ్ళు చెల్లాచెదురైనా, ముదురాకుపచ్చ మరక చూసి ఇక్కడ దొడ్డి ఉండేదని చెప్పేయొచ్చు.

మధ్యాహ్నానికి ఎండకు వేడెక్కిన వాలు వెంట గాలి పైకి లేచి మబ్బు పడుతుంది. ఉరుము వినకముందే దిగడం మంచిది. దిగేటప్పుడు పచ్చికలో మోకాలెత్తు పైన్ మొక్కలు ఎక్కువగా కనబడితే, వాతావరణం వేడెక్కి అడవి పైకి పాకుతోందని తొందరపడి అనేయకండి. అదీ జరుగుతోంది. కానీ స్విట్జర్లాండ్‌లో 1985-1997 మధ్య పర్వత అడవుల విస్తరణను లెక్కగడితే, అందులో చాలా భాగం కాపరులు వదిలేసిన బీళ్ళలోకే అని తేలింది.

ఒక మొక్క దగ్గర కూర్చోండి. పైన్ ఏడాదికి సాధారణంగా ఒకే చుట్టు కొమ్మలు వేస్తుంది. కింది నుంచి పైకి ఆ చుట్లు లెక్కపెడితే, ఈ కొండకు మంద రావడం మానేసి కనీసం ఎన్నేళ్ళయిందో దాదాపుగా తెలుస్తుంది.